గీత బయట దిగిన సూది

పోయిన వారం మిమ్మల్ని ఇబ్బందికరమైన చోటే వదిలేశాను. మిలాన్‌లో, ఫర్నిచర్ కంపెనీవారి నాలుగో అంతస్తులో, డైరెక్టర్ అరిగోని గారి ఎదుట మా తుల్లియో బెసానా తను గీసిన కొత్త కుర్చీ మీద అలాంటిదే ఇంకోటి పేర్చి చూపించాడు. పేర్చడం బాగానే పేర్చాడు. తీయబోతే రాలేదు. తుల్లియో ఒకవైపు, కంపెనీ ఇంజనీరు ఒకవైపు పట్టుకుని లాగారు. ఊరుకోలేక నేను కూడా ఒక కాలు పట్టుకున్నాను.

ఒకదాని మీద ఒకటి పేర్చుకోగలగడమే ఆ కుర్చీ గొప్పతనం. దేశమంతటా కొత్తగా లేస్తున్న బడులకు అలాంటివి రెండు వేలు కావాలట. పొద్దున పరిచి, సాయంత్రం గోడవార పేర్చేయాలి. తుల్లియో గీసిన వస్తువు వేల లెక్కన తయారవడం అదే మొదటిసారి. ఆ కుర్చీ నిలబడితే తుల్లియో నిలబడతాడు, లేకపోతే మళ్ళీ దుకాణాల వాళ్ళకి అద్దాల బీరువాలు గీసుకుంటూ బతకాలి.

"వీటికి పెళ్ళయిపోయినట్టుంది," అన్నాడు అరిగోని గారు. "మన దేశంలో విడాకులు లేవాయె. ఏం చేద్దాం మరి?"

గదిలో అందరూ నవ్వారు. తుల్లియో కూడా నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

తర్వాత అరిగోని గారు మెల్లగా, మర్యాదగా అసలు మాట చెప్పాడు. గీసిన బొమ్మలో తప్పు లేదు, చేసిన చేతిలో ఉంది. ఇకమీదట నమూనాలు కంపెనీ షెడ్డులో, కంపెనీ మిషన్ల మీద చేయిస్తారు. "ఆ కంతూ ఊరి ముసలాయనకి ఒక దణ్ణం పెట్టి రండి," అన్నాడు. తుల్లియో "సరే" అన్నాడు. ఇప్పుడు కాదంటాడేమో గాని, పక్కనే కాగితాలు పట్టుకుని నిలబడ్డ నేను నా చెవులతో విన్నాను.

ఆ కంతూ ముసలాయన గౌదెన్సియో రోంకి, వడ్రంగి మేస్త్రీ. యుద్ధం అయిన ఏడాది, బాంబులకు కూలిన ఇళ్ళ తలుపులు కోసి తుల్లియోకి మొదటి స్టూలు చేసిపెట్టింది ఆయనే. అప్పటినుంచి పదేళ్ళు, దీపమైనా, రేడియో పెట్టె అయినా, వాలుకుర్చీ అయినా, తుల్లియో ఏది గీసినా దాన్ని ముందుగా చెక్కలో నిలబెట్టింది ఆయన చేయి. అలాంటి మనిషికి దణ్ణం పెట్టి రావడానికి సోమవారం పొద్దున్నే రైలెక్కాం.

ఇరుక్కున్న కుర్చీలు రెండూ మాతోనే ఉన్నాయి. తాడు కూడా అవసరం లేకపోయింది. ఎదుటి సీట్లో ఒకావిడ ఒళ్ళో కోడిని పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది.

"పెళ్ళికి సామాన్లు కొనుక్కోవాలంటే లోకమంతా కంతూ పోతుంది," అంది చివరికి. "మీరేంటమ్మా, ఎదురు పట్టుకుపోతున్నారు?"

"ఇది మా ఆర్కిటెక్టు గారి పద్ధతి," అన్నాను.

తుల్లియో నవ్వలేదు. కిటికీ బయట పొగమంచులోకి చూస్తూ పెదాలు కదుపుతున్నాడు. చెప్పబోయేది వల్లె వేసుకుంటున్నాడని అర్థమైంది.

"ఏమని మొదలుపెడతారు?" అని అడిగాను.

"మేస్త్రీ గారూ, కాలం మారిపోయింది..."

"కాలం మీదకి తోయకండి. ఆయన నవ్వుతాడు."

"మరి ఏమనమంటావు లివియా?"

ఎనిమిదేళ్ళుగా తుల్లియో ఉత్తరాలన్నీ నేనే రాస్తున్నాను. ఇలాంటి ఉత్తరం మాత్రం ఎప్పుడూ రాయలేదు.

మేము మేస్త్రీ వాకిట్లోకి వెళ్ళేసరికి కోళ్ళు అడ్డం తిరుగుతున్నాయి, పనిగదిలోంచి జిగురు వాసన వస్తోంది. కిటికీ పక్కన మేస్త్రీ భార్య ఎర్సీలియా పిన్ని ఒళ్ళో లేసు అల్లే దిండు పెట్టుకుని కూర్చుంది. దిండు నిండా గుండుసూదులు, వాటి చుట్టూ దారాలు, దారాల చివర వేలాడే చెక్క కదుళ్ళు. ఆవిడ వేళ్ళ మధ్య అవి టకటకలాడుతుంటాయి. ఇదివరకు మేడ మీద వంటింట్లో అల్లుకునేది. నాలుగేళ్ళుగా కిందనే, మొగుడి బల్ల పక్కనే. పొయ్యి దగ్గర వెచ్చగా ఉంటుందని చెప్పేది, మేం నమ్మాం. అలాగే మేస్త్రీ కరెంటు రంపం వాడటం మానేశాడు. కోళ్ళు బెదిరి గుడ్లు పెట్టడంలేదన్నాడు. అదీ నమ్మాం. ఇంత చదువుకుని ఇంత తెలివితక్కువగా ఎలా ఉంటామో!

"లివియా కూడా వచ్చిందే," అన్నాడు మేస్త్రీ, చిత్రిక పట్టడం ఆపకుండానే. "ఆ ఎత్తు మడమల చెప్పుల చప్పుడు మిలాన్ నుంచీ వినబడుతోంది. రండి ఆర్కిటెక్టు గారూ."

తుల్లియో నిజానికి ఆర్కిటెక్టు కాడు. చివరి పరీక్ష రాయనే లేదు. మా వైపు పెన్సిల్ పట్టిన ప్రతివాణ్ణీ అలాగే పిలుస్తారు.

కుర్చీల జంటని నేల మీద పెట్టాం. మేస్త్రీ వంగి రెండు చేతులతో వాటిని తడిమాడు. తలకిందులు చేశాడు, ఒకచోట అరచేత్తో మూడు దెబ్బలు వేశాడు. రెండూ విడివడి పక్కపక్కన పడ్డాయి. మిలాన్‌లో ముగ్గురం కలిసి చేయలేనిది అది. ఆ తర్వాత వెనక కాలి పొడుగునా బొటనవేలు పోనిచ్చి తలాడించాడు.

"లావుంది."

"ఎంత?" అన్నాడు తుల్లియో.

"రెండు పక్కలా అట్టముక్కంత."

"నేనంత లావు గీయలేదు మేస్త్రీ గారూ."

"నేను మీరు గీసిందే కోశాను."

"గీత మిగిల్చే కోశారా?"

మేస్త్రీ ముఖం ఎర్రబడింది. అలా అడగకూడదు. వడ్రంగుల్లో రెండు రకాలున్నారు. గీతని తినేస్తూ కోసేవాళ్ళు ఒక రకం. గీత మిగిల్చి కోసి, ఆకురాయితో దాని దాకా మాత్రమే అరగదీసేవాళ్ళు ఇంకో రకం. రోంకి ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ గీతని తినలేదు.

"పదేళ్ళుగా ఇంకెలా కోస్తున్నానండీ?"

"అయితే తప్పు బొమ్మదా? నా బొమ్మ అబద్ధం చెబుతోందా?"

తుల్లియోకి కోపం వచ్చింది. దణ్ణం పెట్టడానికి వచ్చినవాడికి కోపం ఒక దారి చూపిస్తుంది, ఆ దారినే పడ్డాడు. మేస్త్రీ తిరిగి పంపిన బొమ్మ చుట్టని నా చేతిలోంచి లాక్కున్నాడు. మేం కుర్చీ బొమ్మ అసలు కొలతలోనే గీస్తాం, మనిషంత కాగితం మీద. దాన్ని విప్పి, కనబడాలని కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాడు.

అప్పుడే పొగమంచు విడిచి కాస్త ఎండ వచ్చింది. కాగితం మీద కుర్చీ వెలిగింది. వెనక కాలి పొడుగునా, వీపు ఆన్చుకునే వంపు చుట్టూ, ముందు కాళ్ళకి, అడ్డకర్రలకి, ఎక్కడ గీత ఉంటే అక్కడ దాని పక్కనే చిన్న చిన్న చిల్లులు. వందలున్నాయి. ఒక్కో చిల్లులోంచి ఒక్కో వెలుతురు చుక్క.

అంత అందమైన బొమ్మ నేనింకెప్పుడూ చూడలేదు, అది మా బొమ్మే అయినా సరే.

"ఇవేంటి?" అన్నాడు తుల్లియో.

కదుళ్ళ టకటక ఆగిపోయింది.

"చెప్పేయ్," అంది ఎర్సీలియా పిన్ని. "నాలుగేళ్ళుగా అబద్ధమాడి నా నోరు పడిపోయింది. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

మేస్త్రీ చేతులు తుడుచుకుని బల్లకి ఆనుకున్నాడు.

"కళ్ళు పోయాయి ఆర్కిటెక్టు గారూ."

"పోయాయంటే?"

"కిటికీ ఎక్కడుందో తెలుస్తుంది. మీ కోటు నల్లదని తెలుస్తుంది. కోటులో ఉన్నది మీరో కాదో, నోరు విప్పితే గాని తెలియదు."

"డాక్టరు?"

"కోమో పట్నంలో చూపించాం. నరం ఎండిపోయిందన్నాడు. కళ్ళద్దాలు రాసిచ్చేవాళ్ళు కూడా ఏమీ రాయకుండా పంపారంటే ఇంక చూసుకోండి."

ఎలా చేస్తున్నాడో పిన్నే చెప్పింది. బొమ్మని పొరచెక్క మీద పరిచి, గీత వెంట సూదితో పొడుస్తుంది. లేసుకి అట్ట మీద చిల్లులు పొడిచే పద్ధతే అది, కంతూలో ప్రతి ఆడదానికీ వచ్చిందే. చిల్లు చెక్కలోకి దిగుతుంది. మేస్త్రీ బొటనవేలి గోరు ఒక చిల్లులోంచి ఇంకో చిల్లులోకి పడుతూ పోతుంది. గోరు వెనకే చిన్న రంపం వస్తుంది. కొలతల అంకెలు ఆవిడ చదివి చెబుతుంది, ఆయన కంఠతా పెట్టుకుంటాడు.

"మెడల్ వచ్చిన ఆ వాలుకుర్చీ?" అన్నాడు తుల్లియో.

"అది కళ్ళు పోయాక రెండో చలికాలంలో చేసింది."

"రేడియో పెట్టె?"

"అది మొన్నమొన్నటిదేగా."

తుల్లియో రంపపుపొట్టు బస్తా మీద కూలబడ్డాడు. కోటు పాడవుతుందని నేను కూడా అనలేదు.

"నాకెందుకు చెప్పలేదు మేస్త్రీ గారూ? నేను పరాయివాణ్ణా?"

"చెబితే ఏం చేసేవారు?"

"ఏదో ఒకటి చేసేవాణ్ణి. కనీసం..."

"తేలికవి ఇచ్చేవారు. అరలు, పెట్టెలు, నాలుగు పలకలు కొట్టి నిలబెట్టేవి. మీరు మంచివారు ఆర్కిటెక్టు గారూ. మీ మంచితనానికే భయపడ్డాను."

తుల్లియో తల తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. చూసేవాళ్ళు లేరనుకున్నాడేమో. నేనున్నాను, పిన్ని ఉంది, మాకు కళ్ళు బాగానే ఉన్నాయి. పదేళ్ళ స్నేహంలో వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఎంత ప్రేమించుకుంటున్నారో నాకు ఆ పొట్టు బస్తా పక్కన నిలబడ్డప్పుడే తెలిసింది.

కాసేపటికి పిన్ని లేచి వచ్చి బొమ్మ అందుకుంది. ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని గీతని చూసింది.

"లావు తప్పు నాదే," అంది. "మీ గీత ఎప్పుడూ వెంట్రుకంత ఉంటుంది నాయనా. దాని మీదే పొడుస్తాను. ఈసారి చూడు, తాడంత ఉంది. లేసులో లావు గీతంటే దారం అని గుర్తు. సూది దారం మీద దిగకూడదు, బయట నిలబడాలి. ఏడేళ్ళప్పుడు మా అమ్మ చేతి మీద కొట్టి మరీ నేర్పింది. మాట్లాడుకుంటూ పొడిచాను. చేయి దానంతటదే బయటికి పోయింది."

"నేనెప్పుడూ లావు గీత గీయను," అన్నాడు తుల్లియో. "నాది గట్టి పెన్సిలు."

గదిలో ఇంకొక్క మనిషే మిగిలింది. ఆ మనిషిని నేను.

"నేనే," అన్నాను. "పెన్సిల్ గీత మరీ పలచగా ఉందని, డైరెక్టర్ గారికి చూపించేటప్పుడు నీటుగా ఉండాలని, దాని మీద సిరా వేశాను. మీకు చెప్పలేదు."

"నీ నీటుతనం తగలెయ్య!" అంది పిన్ని.

మేస్త్రీ ముందు పళ్ళ మధ్యనుంచి, తర్వాత కడుపులోంచి నవ్వడం మొదలుపెట్టాడు. "చూశారా ఆర్కిటెక్టు గారూ? మీరు సన్నగా గీస్తే, పిల్ల లావు చేసింది. మా ఆవిడ దాని బయట పొడిచింది. నేను దానికీ కాస్త మిగిల్చి కోశాను. అందరం ఎవరి పని వాళ్ళం శుభ్రంగా చేశాం!"

తుల్లియోకి కూడా నవ్వు వచ్చింది. అప్పుడు పోయింది నా గుండెల మీది బరువు. అదే పొట్టు బస్తా మీద ఆయన పక్కనే కూర్చున్నాను.

తర్వాత తుల్లియో కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి, బల్ల మీద కొత్త కాగితం పరిచాడు. తన గట్టి పెన్సిల్‌తో వెనక కాలు మళ్ళీ గీశాడు. పిన్ని పక్కన నిలబడి గీత మీదే పొడుచుకుంటూ వచ్చింది. ఇద్దరి తలలూ దాదాపు తగులుతున్నాయి.

"ఎలా చదువుతారో నాకు చూపించండి," అన్నాడు తుల్లియో.

మేస్త్రీ ఆయన వేలు పట్టుకుని మొదటి చిల్లు మీద పెట్టాడు. "కళ్ళు మూసుకోండి. దొంగతనంగా చూడకండి, నాకు తెలిసిపోతుంది."

"మీకెలా తెలుస్తుంది?"

"చూసేవాడి వేలు తొందరపడుతుంది."

తుల్లియో కళ్ళు మూసుకున్నాడు. వేలు మెల్లగా కాలి వెంట పైకి నడిచింది. కాలు వీపువైపు తిరిగే చోట ఆగింది.

"ఇక్కడేదో బాలేదు."

"బాలేదు," అన్నాడు మేస్త్రీ. "పదేళ్ళుగా మీకు అక్కడే చేయి తడబడుతుంది. వంపు తిరగాలా వద్దా అని ఆలోచిస్తారు. ఇన్నాళ్ళూ నేనే సర్దేవాణ్ణి. తెలిసింది కదా, ఇక మీరే సర్దుకోండి."

తుల్లియో కళ్ళు తెరవకుండానే సిగ్గుపడ్డాడు. రబ్బరు అడిగాడు. వంపు చెరిపి, ఈసారి తడుముకోకుండా గీశాడు. పిన్ని మళ్ళీ పొడిచింది. మేస్త్రీ వేలు ఆ చోట ఆగకుండా దాటిపోయింది. "ఊఁ," అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

నేను తుల్లియో మోచేయి పట్టుకుని పక్కకి లాగాను.

"చెప్పాల్సిన మాట అలాగే ఉంది," అన్నాను గుసగుసగా.

"ఏ మాట?"

"డైరెక్టర్ గారికి సరే అన్నారు కదా."

"ఆయనకి అన్నాను. ఈయనకి అనలేదుగా," అన్నాడు. ఇలాంటి లెక్కలు చెబుతాడు కాబట్టే ఆ చివరి పరీక్ష ఇంకా మిగిలిపోయింది.

ఆ మాట నోట్లో ఉండగానే వాకిట్లో కారు హారన్ మోగింది. కోళ్ళు గోల పెట్టాయి. తలుపు దగ్గర బూడిదరంగు టోపీ, దాని కింద అరిగోని గారు. చేతిలో, బొమ్మ అచ్చు తీసిన నీలం కాగితం చుట్ట.

"కోమో పోతూ ఆగాను," అన్నాడు. పక్కపక్కన నిలబడ్డ కుర్చీలని చూసి కనుబొమలెత్తాడు. "విడాకులు ఇప్పించారే! ఏ కోర్టులో?"

"ఇక్కడే, చెల్లుబాటు కాని కోర్టులో," అన్నాడు మేస్త్రీ. "లోపలికి రండి."

అరిగోని గారు చెడ్డవాడు కాదు. వడ్రంగి మనవడే. ఆయనకి చేతిపని విలువ తెలుసు, గడువు విలువ ఇంకా బాగా తెలుసు. తుల్లియో ముఖం చూసి దణ్ణం పెట్టడం కాలేదని పసిగట్టాడు.

"బెసానా, నీకు ఈయన్ని వదలడం కష్టంగా ఉంది. అది నాకు మిలాన్‌లోనే తెలిసింది. అందుకే ఒక అవకాశం తెచ్చాను." మేస్త్రీ వైపు తిరిగాడు. "మేస్త్రీ, ఇదే కుర్చీని మా ఇంజనీరు మిషన్ కోసం మళ్ళీ గీశాడు. ఒకచోట నాకు నచ్చలేదు. ఎక్కడో నేను చెప్పను. మీరు చెప్పండి. చెబితే నమూనాలన్నీ మీ దగ్గరే చేయిస్తాను. నాది ఒకటే మాట."

మేస్త్రీ నీలం కాగితం అందుకున్నాడు. బొటనవేలు దాని మీద ఒకసారి పోనిచ్చాడు. అచ్చు కాగితం నున్నగా ఉంటుంది. వేలికి అందేది ఏమీ ఉండదు.

తుల్లియో ఒక్క అంగలో మధ్యకి వచ్చాడు. "ఇక్కడ వెలుతురు చాలదండీ. రేపు నేనే మిలాన్ తీసుకొచ్చి..."

"ఆగండి ఆర్కిటెక్టు గారూ," అన్నాడు మేస్త్రీ. "పొద్దుటినుంచి నిజం చెప్పి ఒళ్ళు తేలికపడింది. మళ్ళీ బరువెత్తలేను." అరిగోని గారి గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పాడు. "అయ్యా, నాకు కళ్ళు కనబడవు. ఒక గంట కూర్చుంటే మా ఆవిడ దీన్ని సూదితో పొడిచిపెడుతుంది. అప్పుడు ఎక్కడ బాలేదో చెబుతాను."

పిన్ని ఏప్రన్ అంచు గుప్పిట్లో బిగించింది. అరిగోని గారు మేస్త్రీని, బల్లని, బల్ల మీది ఉలుల వరసని, కిటికీకి ఆనించిన చిల్లుల బొమ్మని చూశాడు. చివరికి తుల్లియో దగ్గర ఆగాడు.

"నీకిది తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. మేం వచ్చింది పదింటికి.

"నాలుగేళ్ళనుంచి," అన్నాడు తుల్లియో.

ఆ మనిషి అబద్ధమాడటం నేను మొదటిసారి చూశాను. చెవులు రెండూ ఎర్రబడ్డాయి. నాలుగేళ్ళుగా ముసలివాళ్ళిద్దరూ ఒంటరిగా మోసిన దాంట్లో సగం, అడగకుండానే తన నెత్తిన పెట్టుకున్నాడు. ఇప్పుడు కంపెనీ వదిలేస్తే మేస్త్రీని, తుల్లియోని కలిపే వదిలేస్తుంది. మేస్త్రీ చేయి చాచి తుల్లియో భుజం వెతికి పట్టుకున్నాడు.

అరిగోని గారు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. లావు కాళ్ళ కుర్చీల్లో ఒకదాన్ని లాక్కుని కూర్చున్నాడు.

"ఒక గంట అన్నారు," అన్నాడు. "పన్నెండున్నరకి లేస్తాను."

పిన్ని ఏప్రన్ వదిలేసి సూది తీసుకుంది. నీలం కాగితాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి వంగి చూసింది. తర్వాత తల తిప్పకుండానే నన్ను రమ్మని సైగ చేసింది. వెళ్ళాను. కాగితం మీది తెల్ల గీతలు నా సిరా గీతలకంటే లావుగా ఉన్నాయి.

"లోపల పొడవనా, మీద పొడవనా, బయట పొడవనా?" అంది నా చెవిలో.

గీతలో ఏ అంచు అసలు కొలతో, ఆ ఇంజనీరు చేతి అలవాటేమిటో ఆ గదిలో ఎవరికీ తెలియదు.